కొన్ని పేజీల్లో నావ్‌బార్ కనపడకూడదంటే: లేఅవుట్ నుంచి ప్రింట్ దాకా

బెంగళూరు మారతహళ్లిలో తెలుగువాళ్ల పీజీ ఒకదానికి వెబ్ యాప్ రాస్తున్నారనుకుందాం. పైన నావ్‌బార్ ఉంటుంది: హోమ్, ఈ వారం మెనూ, అద్దె, కంప్లైంట్లు, కుడివైపు చివర బెల్ గుర్తు, దాని పక్కన ప్రొఫైల్. దాదాపు ప్రతి పేజీలోనూ ఇది కావాలి. లాగిన్ పేజీలో వద్దు. ఓటీపీ పేజీలో వద్దు. అద్దె కట్టే పేజీలో వద్దు. అద్దె రసీదు ప్రింట్ తీస్తే కాగితం మీదకు రాకూడదు. గేటు దగ్గర గోడకు బిగించిన టాబ్‌లో, వచ్చేపోయేవాళ్లు తమ పేరు నొక్కే పేజీలో అసలే వద్దు.

వినడానికి ఒక్క ఇఫ్ పెడితే అయిపోయే పనిలా ఉంటుంది. ఆ ఇఫ్ ఎక్కడ పెడతామన్నదే అసలు సంగతి. నావ్‌బార్ లోపల పెడితే కొత్త పేజీ వచ్చిన ప్రతిసారీ నావ్‌బార్ ఫైలు తెరవాలి. యాప్‌లోని అడ్రసులన్నీ దానికి తెలిసుండాలి. ఏ పేజీ ఏ లేఅవుట్‌లో (పేజీ చుట్టూ ఉండే చట్రం) కూర్చోవాలో రౌట్ల పట్టికలోనే (ఏ అడ్రస్‌కి ఏ పేజీ అని చెప్పేది) చెప్పేస్తే, తను ఎక్కడున్నదీ నావ్‌బార్‌కి తెలియాల్సిన పనే ఉండదు. ఈ గైడ్ అంతా ఆ రెండో దారి మీదే నడుస్తుంది. ఉదాహరణలు ఎక్కువగా రియాక్ట్‌లో ఉంటాయి. వెబ్ యాప్‌లు రాయడానికి వాడే మిగతా సాధనాలు నెక్స్ట్, వ్యూ, యాంగ్యులర్, జాంగో గురించి అవసరమైనంత వరకు చెప్పాం. చదవడానికి వీలుగా పాత్‌లను కూడా తెలుగులోనే రాశాం.

1. కోడ్ కంటే ముందు, ఏ పేజీకి ఏం కావాలో రాసుకోండి

"నావ్‌బార్ తీసేయండి" అని క్లయింట్ అన్న ప్రతిచోటా కావలసింది ఒకటే కాదు. మన పీజీ యాప్‌నే చూడండి.

లాగిన్, ఓటీపీ పేజీల్లో నావ్‌బార్‌లోని లింకులన్నీ ఇంకా అనుమతి లేని చోట్లకే వెళ్తాయి. నొక్కితే మళ్లీ లాగిన్‌కే తిరిగొస్తారు. కాబట్టి మొత్తం తీసేయడమే మంచిది. పీజీ పేరు, లోగో పేజీ మధ్యలోనే పెట్టుకోవచ్చు.

అద్దె కట్టే పేజీలో భయం వేరు. యూపీఐ రిక్వెస్ట్ పంపాక బొటనవేలు పొరపాటున "మెనూ" మీద పడితే చెల్లింపు సగంలో ఆగిందో పూర్తయిందో అర్థం కాక జనం కంగారు పడతారు. అలాగని అక్కడ ఏమీ లేకుండా చేస్తే బయటికొచ్చే దారి ఉండదు; బ్రౌజర్ బ్యాక్ బటన్ నొక్కుతారు, అది ఇంకా పెద్ద చిక్కు. ఈ పేజీకి సన్నని బార్ ఒకటి కావాలి: ఎడమవైపు "రద్దు చేసి వెనక్కి", మధ్యలో పీజీ పేరు. అంతకుమించి ఏమీ వద్దు. చెల్లింపు ఫలితం చూపించే పేజీకి కూడా ఇదే బార్ వాడండి, కానీ అక్కడ "వెనక్కి" బదులు "హోమ్‌కి" అని ఉండాలి. చెల్లింపు పెండింగ్‌లో పడిన మనిషిని వెనక్కి పంపితే రెండోసారి కడతాడు.

రసీదు పేజీలో స్క్రీన్ మీద నావ్‌బార్ ఉండాలి, కాగితం మీద ఉండకూడదు. దీన్ని సీఎస్ఎస్ (పేజీ రూపాన్ని చెప్పే కోడ్) చూసుకుంటుంది, రౌటర్‌కి (అడ్రస్‌ని బట్టి పేజీ చూపించే భాగం) సంబంధం లేదు.

గేటు టాబ్‌లో ఏ బారూ వద్దు.

ఇక తప్పు అడ్రస్ కొట్టినప్పుడు వచ్చే 404 పేజీ. దీన్ని చాలామంది మర్చిపోతారు. దారి తప్పినవాళ్లకే నావ్‌బార్ అందరికంటే ఎక్కువ అవసరం. లాగిన్ అయినవాళ్లకు పూర్తి నావ్‌బార్, కానివాళ్లకు హోమ్ లింకున్న సన్నని బార్ చూపించండి.

అంటే మనకు కావలసినవి మూడు లేఅవుట్లు: పూర్తి బార్ ఉన్నది, సన్నని బార్ ఉన్నది, ఖాళీది.

2. అందరూ మొదట రాసే పద్ధతి, అది ఎక్కడ తెగుతుంది

నావ్‌బార్ కాంపొనెంట్‌లో (పేజీలోని ఒక ముక్కకు రాసిన కోడ్) ఒక అరే, అంటే జాబితా, పెట్టి, అందులో "/లాగిన్", "/ఓటీపీ", "/పే" అని రాసి, ఇప్పటి పాత్ ఆ జాబితాలో ఉంటే నల్ రిటర్న్ చేయడం, అంటే ఏమీ చూపించకపోవడం. మూడు పేజీల యాప్‌కి ఇది చాలు, అందులో తప్పేమీ లేదు. పేజీలు పెరిగేకొద్దీ మాత్రం ఇలా తెగుతుంది:

- పాత్‌ని విండో డాట్ లొకేషన్ నుంచి చదివితే పేజీ మారినా నావ్‌బార్ మళ్లీ రెండర్ అవదు, అంటే స్క్రీన్ మీద కొత్తగా గీయబడదు. లాగిన్ అయ్యాక హోమ్‌కి వచ్చినా బార్ రాదు, రీఫ్రెష్ కొడితే వస్తుంది. "రీఫ్రెష్ చేస్తే సరిగ్గా ఉంది" అన్న మాట వినగానే ముందు ఇక్కడే చూడండి. రియాక్ట్ రౌటర్‌లో యూజ్‌లొకేషన్ హుక్ (రియాక్ట్ సదుపాయాలను వాడుకునే ఫంక్షన్) వాడితే పాత్ మారిన ప్రతిసారీ రెండర్ అవుతుంది. యాప్‌ని ఒక సబ్‌ఫోల్డర్‌లో హోస్ట్ చేసి బేస్‌నేమ్ ఇచ్చి ఉంటే, ఈ హుక్ ఆ ముందు భాగాన్ని తీసేసి ఇస్తుంది. విండో లొకేషన్ తీయదు.

- "/లాగిన్/" అని చివర స్లాష్‌తో వచ్చినా రియాక్ట్ రౌటర్ అదే పేజీ చూపిస్తుంది. ఇంగ్లిష్ అడ్రసులో పెద్దక్షరం ఉన్నా పట్టించుకోదు, ఎందుకంటే మామూలుగా అది అక్షరాల సైజు చూడదు. మీ అరేలోని స్ట్రింగ్ పోలిక మాత్రం రెండింటినీ వేరు పేజీలుగా చూస్తుంది. వాట్సాప్‌లో ఎవరో చేత్తో టైప్ చేసి పంపిన లింకు నొక్కితే లాగిన్ పేజీ మీద నావ్‌బార్ ప్రత్యక్షం.

- ఆ బాధ తప్పించుకోవడానికి "/పే తో మొదలైతే" అని మారుస్తారు. అప్పుడు పాత చెల్లింపుల జాబితా ఉండే "/పేమెంట్స్" పేజీలో కూడా బార్ మాయమవుతుంది.

- తెలుగు, కన్నడ, ఇంగ్లిష్ మూడూ పెట్టి అడ్రస్ ముందు భాష చేర్చిన రోజున "/కన్నడ/లాగిన్" ఏ జాబితాలోనూ ఉండదు.

- 404 పేజీకి స్థిరమైన అడ్రసే లేదు కాబట్టి దాన్ని జాబితాలో రాయడం కుదరదు.

- నల్ రిటర్న్‌ని యూజ్‌స్టేట్‌కి, యూజ్‌ఎఫెక్ట్‌కి మధ్యలో పెడితే, పాత్ మారగానే "రెండర్డ్ ఫ్యూవర్ హుక్స్ దాన్ ఎక్స్‌పెక్టెడ్" అని స్క్రీన్ మొత్తం పోతుంది. హుక్స్ అన్నీ పైన, రిటర్న్ వాటి కింద ఉండాలి.

జాబితా పద్ధతే వాడక తప్పని చోట స్ట్రింగ్ పోలిక మానేసి, రియాక్ట్ రౌటర్ ఇచ్చే మ్యాచ్‌పాత్ ఫంక్షన్ వాడండి. స్లాష్, అక్షరాల సైజు, "/రసీదు/:ఐడీ" లాంటి మారే భాగాలు అన్నింటినీ రౌటర్ ఎలా చూస్తుందో అది కూడా అలాగే చూస్తుంది.

ఇంకో పద్ధతి కూడా తరచూ కనిపిస్తుంది: కాంటెక్స్ట్‌లో (కాంపొనెంట్లన్నీ పంచుకునే డేటా) "నావ్ దాచు" అనే స్టేట్ పెట్టి, లాగిన్ పేజీ తన యూజ్‌ఎఫెక్ట్‌లో దాన్ని ట్రూ చేయడం. ఎఫెక్ట్ సాధారణంగా స్క్రీన్ మీద పెయింట్ అయ్యాక నడుస్తుంది, కాబట్టి బార్ ఒక్క క్షణం మెరిసి పోతుంది. క్లీనప్‌లో తిరిగి ఫాల్స్ చేయడం మరిచిపోతే, ఆ తర్వాతి పేజీల్లో కూడా బార్ రాదు. ఈ దారి వద్దు.

3. రియాక్ట్ రౌటర్‌లో లేఅవుట్ రౌట్లు

2021 నవంబరులో వచ్చిన 6వ వెర్షన్ నుంచి పాత్ లేని రౌట్ రాయవచ్చు. దానికి ఎలిమెంట్ మాత్రమే ఉంటుంది, లోపల పిల్ల రౌట్లు ఉంటాయి. అడ్రస్‌లో దాని జాడ ఉండదు. మన యాప్ పట్టిక ఇలా ఉంటుంది:

రూట్ (థీమ్, లాగిన్ వివరాలు, కాసేపు కనిపించి పోయే టోస్ట్ మెసేజ్‌లు)
— పూర్తి లేఅవుట్: హోమ్, మెనూ, కంప్లైంట్లు, చెల్లింపుల జాబితా, రసీదు
— సన్నని లేఅవుట్: పే, పే ఫలితం
— ఖాళీ లేఅవుట్: లాగిన్, ఓటీపీ, గేటు
— స్టార్ రౌట్ (మిగతా ఏ రౌట్‌కీ కుదరని అడ్రసులకు): 404

వరుసగా చేయాల్సినవి:

మొదట మూడు లేఅవుట్ కాంపొనెంట్లు రాయండి. పూర్తి లేఅవుట్‌లో నావ్‌బార్, దాని కింద మెయిన్ ట్యాగ్, మెయిన్ లోపల అవుట్‌లెట్ (పిల్ల రౌట్ పేజీ వచ్చి కూర్చునే చోటు). సన్నని దాంట్లో చిన్న హెడర్, మెయిన్, అవుట్‌లెట్. ఖాళీ దాంట్లో మెయిన్, అవుట్‌లెట్ మాత్రమే. అవుట్‌లెట్ రాయడం మరిచిపోతే ఎర్రర్ ఏమీ రాదు. నావ్‌బార్ ఒక్కటే కనిపించి కింద తెల్లగా ఉంటుంది. గంటసేపు డేటా ఎందుకు రావట్లేదని వెతికేలోపు ఇది చూసుకోండి.

రెండోది, ఇప్పటిదాకా యాప్ ఫైల్‌లో రౌట్స్ పైన కూర్చున్న నావ్‌బార్‌ని అక్కణ్నుంచి పీకేయండి. ఇది చేయకపోతే కొన్ని పేజీల్లో రెండు బార్లు వస్తాయి.

మూడోది, ప్రొవైడర్లను (లోపలి పేజీలన్నింటికీ డేటా అందించే కాంపొనెంట్లు) లేఅవుట్లలోకి తేకండి. టోస్ట్ ప్రొవైడర్ పూర్తి లేఅవుట్‌లో ఉండిపోతే, పే పేజీలో "చెల్లింపు విఫలమైంది" అనే మెసేజ్ చూపించేవాళ్లు ఉండరు. లేఅవుట్ మారినా బతికి ఉండాల్సినవన్నీ రూట్ దగ్గరే ఉండాలి.

నాలుగోది, చాలా ముఖ్యమైనది. "లాగిన్ కావాలా" అన్నది ఒక ప్రశ్న, "నావ్‌బార్ కావాలా" అన్నది ఇంకో ప్రశ్న. రెండింటినీ ఒకే కాంపొనెంట్‌లో ఇరికించకండి. పే పేజీకి లాగిన్ కావాలి, బార్ వద్దు. పీజీ గురించి బయటివాళ్లు చూసే పేజీ పెడితే దానికి బార్ కావాలి, లాగిన్ వద్దు. లాగిన్ చూసే రౌట్‌ని విడిగా రాసి, లేఅవుట్ రౌట్‌కి పైనో లోపలో అవసరాన్ని బట్టి పెట్టుకోవాలి.

లేఅవుట్లు మూడే అయినా చిన్న చిన్న తేడాలు ఎక్కువున్న యాప్‌లో, ఒకే లేఅవుట్ ఉంచి ప్రతి రౌట్‌కీ హ్యాండిల్ అనే ఆబ్జెక్ట్‌లో గుర్తు పెట్టవచ్చు. లేఅవుట్‌లో యూజ్‌మ్యాచెస్ హుక్‌తో దాన్ని చదువుకోవాలి. ఇది 6.4 నుంచి వచ్చిన డేటా రౌటర్లలోనే పనిచేస్తుంది. పాత బ్రౌజర్‌రౌటర్ ట్యాగ్‌తో చుట్టిన యాప్‌లో వాడితే ఎర్రర్ వస్తుంది.

4. నెక్స్ట్ జేఎస్

యాప్ రౌటర్‌లో (13.4 వెర్షన్‌తో 2023 మే నెలలో స్థిరపడింది) ఫోల్డరే పట్టిక. ఫోల్డర్ పేరును బ్రాకెట్లలో రాస్తే అది రౌట్ గ్రూప్ అవుతుంది, అడ్రస్‌లో కనపడదు. (పూర్తి), (సన్నని), (ఖాళీ) అని మూడు గ్రూపులు చేసి ఒక్కోదానిలో ఒక్కో లేఅవుట్ ఫైలు పెట్టండి. పై రూట్ లేఅవుట్‌లో హెచ్‌టీఎంఎల్, బాడీ ట్యాగులు, ప్రొవైడర్లు మాత్రమే ఉంచండి. పై లేఅవుట్‌లో పెట్టినదాన్ని కింది లేఅవుట్ తీసేయలేదు. అందుకే రూట్ ఎంత పలచగా ఉంటే అంత సుఖం.

ఇక్కడ మూడు గుంటలున్నాయి. రెండు గ్రూపుల్లో ఒకే పాత్‌కి దారితీసే పేజీలుంటే బిల్డ్ ఆగిపోతుంది. రూట్ లేఅవుట్ తీసేసి గ్రూపుకొక రూట్ లేఅవుట్ పెడితే, ఒక గ్రూపు నుంచి ఇంకోదానికి వెళ్లినప్పుడు పేజీ మొత్తం మళ్లీ లోడ్ అవుతుంది. మూడోది ఎక్కువమంది పడేది: మిడిల్‌వేర్‌లో (పేజీ కంటే ముందు నడిచే సర్వర్ కోడ్) పాత్‌ని హెడర్‌గా పంపి, సర్వర్ లేఅవుట్‌లో ఆ హెడర్ చదివి బార్ దాచడం. మొదటి లోడ్‌లో చక్కగా పనిచేస్తుంది. ఆ తర్వాత లింకులు నొక్కి తిరిగేటప్పుడు లేఅవుట్ మళ్లీ రెండర్ అవదు కాబట్టి పాత నిర్ణయమే అతుక్కుని ఉంటుంది.

యాప్ ఫోల్డర్‌లోని నాట్-ఫౌండ్ ఫైలు రూట్ లేఅవుట్‌లోనే కూర్చుంటుంది. మనం రూట్‌ని పలచగా ఉంచాం కాబట్టి 404కి బార్ రాదు. అందులో బార్‌ని చేత్తో చేర్చండి.

పాత పేజెస్ రౌటర్‌లోనైతే ప్రతి పేజీకి గెట్‌లేఅవుట్ అనే ఫంక్షన్ తగిలించి, అండర్‌స్కోర్ యాప్ ఫైల్‌లో అది ఉంటే దాన్ని, లేకపోతే పూర్తి లేఅవుట్‌ని వాడమని చెప్పడమే.

5. వ్యూ, యాంగ్యులర్, జాంగో

వ్యూలో రౌట్‌కి మెటా (అదనపు గుర్తులు) ఇచ్చి, యాప్ కాంపొనెంట్‌లో దాన్ని బట్టి వీ-ఇఫ్ పెడతారు. వ్యూ రౌటర్ 4లో తల్లి రౌట్ మెటా పిల్లల దాంట్లో కలిసిపోతుంది, కాబట్టి ఒక్కచోట రాస్తే చాలు. అయితే ఈ వెర్షన్‌లో మొదటి నావిగేషన్ కూడా అసింక్, అంటే వెంటనే పూర్తికాదు. యాప్ మౌంట్ అయిన క్షణానికి రౌట్ ఇంకా తేలదు, మెటా ఖాళీగా ఉంటుంది, లాగిన్ పేజీ తెరవగానే బార్ ఒకసారి మెరుస్తుంది. రౌటర్ ఈజ్‌రెడీ అయ్యేదాకా ఆగి ఆ తర్వాత మౌంట్ చేస్తే పోతుంది.

యాంగ్యులర్‌లో ఖాళీ పాత్ ఉన్న తల్లి రౌట్‌కి లేఅవుట్ కాంపొనెంట్ ఇచ్చి, దానిలో రౌటర్-అవుట్‌లెట్ పెట్టి, పేజీలను చిల్డ్రన్‌లో రాయండి. నావిగేషన్‌ఎండ్ ఈవెంట్ పట్టుకుని యూఆర్ఎల్ పోల్చే కోడ్ 2వ అడుగులోని జాబితా పద్ధతే, దాని జబ్బులన్నీ దీనికీ ఉంటాయి.

జాంగోలో ఇది అన్నిటికంటే తేలిక. బేస్ టెంప్లేట్‌లో నావ్‌బార్‌ని ఒక బ్లాక్‌లో పెట్టండి. వద్దనుకున్న పేజీలో అదే పేరుతో ఖాళీ బ్లాక్ రాయండి. అలాంటి పేజీలు మూడు దాటితే, ఖాళీ బ్లాక్ ఉన్న రెండో బేస్ టెంప్లేట్ చేసి దాన్నుంచి ఎక్స్‌టెండ్ చేసుకోండి.

6. బార్ పోయింది, దాని జాగా పోలేదు

నావ్‌బార్‌కి పొజిషన్ ఫిక్స్‌డ్ ఇచ్చిన యాప్‌లలో బాడీకి పైన 64 పిక్సెల్ ప్యాడింగ్ ఎక్కడో ఉంటుంది. బార్ తీసేస్తే ఆ 64 పిక్సెల్ తెల్లటి పట్టీగా మిగులుతుంది. లాగిన్ ఫారం నడిమధ్యలో ఉండాల్సింది 32 పిక్సెల్ కిందికి జారుతుంది. చూసేవాళ్లకు ఏదో తేడాగా ఉందని తెలుస్తుంది, ఎక్కడో చెప్పలేరు. ఆ ప్యాడింగ్‌ని బాడీ నుంచి తీసి, పూర్తి లేఅవుట్‌లోని మెయిన్‌కి ఇవ్వండి. లేదా ఫిక్స్‌డ్ మానేసి స్టికీ వాడండి: స్టికీ బార్ తన జాగా తనే తీసుకుంటుంది, ప్యాడింగ్ లెక్కే ఉండదు. స్టికీ అతుక్కోకపోతే, పైనున్న ఏదో ఒక డివ్‌కి ఓవర్‌ఫ్లో హిడెన్ ఉందేమో ముందు చూడండి.

ఆ 64ని సీఎస్ఎస్ వేరియబుల్‌గా పెట్టి లేఅవుట్‌ని బట్టి మార్చడం మంచి అలవాటు: పూర్తి దాంట్లో 64, సన్నని దాంట్లో 48, ఖాళీ దాంట్లో 0 పిక్సెల్. ఆ సున్నాకి కూడా యూనిట్ రాయండి. యూనిట్ లేని సున్నాను కాల్క్‌లో తీసివేస్తే ఆ లైన్ చెల్లదు. పేజీ ఎత్తు లెక్క, స్క్రోల్-ప్యాడింగ్-టాప్, సైడ్ ప్యానెల్ మొదలయ్యే చోటు అన్నీ ఆ వేరియబుల్‌నే వాడాలి.

ఖాళీ లేఅవుట్‌కి ఎత్తు 100 వీహెచ్ ఇస్తే ఫోన్‌లో బ్రౌజర్ అడ్రస్ బార్ ఉన్నంత మేర పేజీ కిందికి పోతుంది, "ఓటీపీ పంపు" బటన్ సగం కనపడదు. 100 డీవీహెచ్ (ఆ క్షణాన నిజంగా కనిపిస్తున్న ఎత్తు) ఇవ్వండి. పాత ఫోన్ల కోసం దాని పై లైన్‌లో వీహెచ్ కూడా ఉంచండి. డీవీహెచ్ తెలియని బ్రౌజర్ పై లైన్‌తో సరిపెట్టుకుంటుంది.

ఇంకొకటి. వ్యూపోర్ట్-ఫిట్ కవర్ పెట్టిన యాప్‌లో ఐఫోన్ నాచ్ కోసం సేఫ్ ఏరియా ప్యాడింగ్ నావ్‌బార్ మోస్తూ ఉంటుంది. బార్ పోతే పేజీ శీర్షిక నాచ్ కిందికి దూరుతుంది. ఖాళీ లేఅవుట్ ఆ ప్యాడింగ్‌ని సొంతంగా పెట్టుకోవాలి.

7. సీఎస్ఎస్‌తో దాస్తే ఏది నిజంగా దాగుతుంది

లేఅవుట్ కోడ్ చేతిలో లేని చోట, ఎవరో చేసిన థీమ్ మీద పని చేసేటప్పుడు, సీఎస్ఎస్ ఒక్కటే దిక్కు. బాడీలో గేటు పేజీ ఉంటే నావ్‌ని దాచమని హ్యాజ్ సెలెక్టర్‌తో ఒక్క లైన్‌లో చెప్పవచ్చు. 2023 డిసెంబరులో ఫైర్‌ఫాక్స్ 121 వచ్చాక ఇది ప్రధాన బ్రౌజర్లన్నింటిలో నడుస్తోంది.

దాచడానికి డిస్‌ప్లే నన్ వాడండి. విజిబిలిటీ హిడెన్ కూడా లింకులను కీబోర్డుకి అందకుండా చేస్తుంది, కానీ జాగా వదలదు. ఒపాసిటీ సున్నా చేసినా, స్క్రీన్ పైకి జరిపినా కంటికే కనపడదు: టాబ్ కీ నొక్కితే ఫోకస్ ఆ లింకుల మీదుగానే వెళ్తుంది, ఎంటర్ కొడితే పనిచేస్తాయి, స్క్రీన్ రీడర్ చదివేస్తుంది. పరీక్ష సులువు. పేజీ తెరిచి మౌస్ ముట్టకుండా టాబ్ కీ ఐదుసార్లు నొక్కండి. ఫోకస్ గీత ఎక్కడా కనపడని నొక్కు ఒక్కటి ఉన్నా, బార్ ఇంకా అక్కడే ఉన్నట్టు.

జరిగే యానిమేషన్ కోసం బార్‌ని డామ్‌లో (బ్రౌజర్ దగ్గరుండే పేజీ ఎలిమెంట్ల చెట్టు) ఉంచక తప్పకపోతే ఇనర్ట్ యాట్రిబ్యూట్ చేర్చండి. ఏరియా-హిడెన్ ఒక్కటే పెడితే స్క్రీన్ రీడర్ నుంచి దాగుతుంది గానీ కీబోర్డు నుంచి దాగదు.

సీఎస్ఎస్ ఎలా దాచినా కాంపొనెంట్ మాత్రం బతికే ఉంటుంది. బెల్ గుర్తు 30 సెకన్లకోసారి సర్వర్‌ని అడుగుతుంటే, లాగిన్ పేజీలో కూడా అడుగుతూనే ఉంటుంది, 401లు (లాగిన్ కాలేదన్న జవాబులు) వస్తూనే ఉంటాయి.

8. అన్‌మౌంట్ అయ్యాక మిగిలేవి

రౌట్‌తో తీసేస్తే నావ్‌బార్ పేజీ నుంచి పూర్తిగా పోతుంది (అన్‌మౌంట్ అంటే ఇదే). ఆ సమస్య ఉండదు గానీ వేరేవి వస్తాయి.

మొబైల్‌లో మూడు గీతల మెనూ తెరిచినప్పుడు వెనక పేజీ కదలకుండా బాడీకి ఓవర్‌ఫ్లో హిడెన్ పెడతాం. మెనూ తెరిచి ఉండగానే అందులోని "అద్దె కట్టు" నొక్కితే నావ్‌బార్ అన్‌మౌంట్ అయిపోతుంది. ఓవర్‌ఫ్లో హిడెన్ మాత్రం బాడీ మీద అలాగే ఉంటుంది. పే పేజీ స్క్రోల్ అవదు, కింద ఉన్న చెల్లించు బటన్ అందదు. రీఫ్రెష్ చేస్తే బాగవుతుంది కాబట్టి డెవలపర్ దగ్గర ఈ తప్పు దొరకదు. మెనూ ఎఫెక్ట్ క్లీనప్‌లో ఆ స్టైల్‌ని తీసేయండి; మూసే బటన్ హ్యాండ్లర్‌లో తీయడం సరిపోదు.

అదే నొక్కుతో ఇంకో నష్టం: ఫోకస్‌లో ఉన్న లింకే మాయమైంది కనుక ఫోకస్ బాడీకి పడిపోతుంది. చూపు లేనివాళ్లకు పేజీ మారిన సంగతే తెలియదు. కొత్త పేజీ శీర్షికకు టాబ్‌ఇండెక్స్ మైనస్ 1 ఇచ్చి రౌట్ మారాక ఫోకస్ అక్కడికి పంపండి. డాక్యుమెంట్ టైటిల్ కూడా మార్చండి.

వెతుకు పెట్టెలో టైప్ చేసిన మాట, చదవని మెసేజ్‌ల సంఖ్య నావ్‌బార్ సొంత స్టేట్‌లో ఉంటే, పే పేజీకి వెళ్లొచ్చేసరికి పోతాయి. బెల్ మీద సంఖ్య సున్నాకి పడి మళ్లీ ఎక్కుతుంది. వాటిని రూట్ దగ్గరి స్టోర్‌లోకి మార్చండి.

9. లాగిన్‌ని బట్టి చూపిస్తుంటే

యూజర్ ఉంటే బార్, లేకపోతే లేదు అని రెండే స్థితులు పెట్టుకుంటే, పేజీ లోడ్ అయ్యే తొలి అరక్షణం యూజర్ "లేడు" కనుక బార్ లేకుండా వచ్చి, ఆ తర్వాత పైనుంచి ఊడిపడుతుంది. పేజీ అంతా కిందికి గెంతుతుంది. మూడో స్థితి కావాలి: ఇంకా తెలియదు. ఆ స్థితిలో బార్ ఎత్తంత ఖాళీ పట్టీ చూపించండి. సర్వర్ రెండరింగ్ ఉన్న చోట లోకల్ స్టోరేజ్ చూసి మొదటి రెండర్‌లోనే నిర్ణయించకండి. సర్వర్‌కి అది లేదు, సర్వర్ పంపిన పేజీకీ బ్రౌజర్ గీసినదానికీ పొంతన కుదరదు (హైడ్రేషన్ తేడా). కుకీ అయితే సర్వర్‌కీ బ్రౌజర్‌కీ ఇద్దరికీ కనిపిస్తుంది.

10. రసీదు ప్రింట్

పీజీలో ఉండే ఐటీ ఉద్యోగులకు ఈ కాగితం హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) కోసం ఆఫీసులో ఇవ్వాల్సినది. ఏడాది అద్దె లక్ష రూపాయలు దాటితే యజమాని పాన్ కూడా చూపాలి కాబట్టి రసీదులో ఆ లైన్ స్పష్టంగా రావాలి. ఫిక్స్‌డ్ నావ్‌బార్ ప్రింట్‌లో ప్రతి కాగితం మీదా మళ్లీ వచ్చి పై వరుసలను కప్పేస్తుంది. ఆ పై వరుసల్లోనే యజమాని పేరు, పాన్ ఉంటే రసీదు వృథా.

మీడియా ప్రింట్ బ్లాక్‌లో నావ్‌కి, "ప్రింట్ చేయి" బటన్‌కి, టోస్ట్‌లకి డిస్‌ప్లే నన్ పెట్టండి. మెయిన్ పై ప్యాడింగ్‌ని సున్నా చేయండి. బ్రౌజర్లు మామూలుగా వెనక రంగులను ప్రింట్ చేయవు, కాబట్టి నీలం పట్టీ మీద తెల్లక్షరాలతో రాసిన శీర్షిక కాగితం మీద సరిగ్గా కనపడకపోవచ్చు. ప్రింట్‌లో అక్షరాలకు నలుపు ఇవ్వండి. చూడటానికి ప్రతిసారీ కాగితం అక్కర్లేదు, క్రోమ్ డెవ్‌టూల్స్‌లో రెండరింగ్ ట్యాబ్‌కి వెళ్లి ప్రింట్ మీడియాని ఎమ్యులేట్ చేయవచ్చు. పేజీలు ఎక్కడ విరుగుతాయో మాత్రం ప్రింట్ ప్రివ్యూలోనే తెలుస్తుంది.

11. గేటు టాబ్, యాప్ లోపలి వెబ్‌వ్యూ

నావ్‌బార్ తీసేస్తే గేటు టాబ్ భద్రమైపోదు. అడ్రస్ బార్‌లో హోమ్ అని కొట్టినా, పక్కనుంచి వేలితో లాగి వెనక్కి వెళ్లినా లోపలి పేజీలు వచ్చేస్తాయి. ఆ టాబ్‌లో మేనేజర్ అకౌంట్‌తో లాగిన్ చేసి ఉంటే, దారిన పోయేవాళ్లకు అందరి ఫోన్ నంబర్లు, బాకీలు కనపడతాయి. గేటుకి సొంత అకౌంట్ ఇవ్వండి. ఎంట్రీ రాయడానికి తప్ప దానికి ఇంకేమీ కుదరదని సర్వర్‌లోనే కట్టేయండి. ఆ తర్వాత ఆండ్రాయిడ్‌లో యాప్ పిన్నింగ్ పెట్టండి. బ్రౌజర్ సొంత బార్ కూడా పోవాలంటే అది వేరే పని: మ్యానిఫెస్ట్‌లో డిస్‌ప్లేని ఫుల్‌స్క్రీన్ చేసి హోమ్ స్క్రీన్‌కి చేర్చుకోవాలి.

ఇదే సైట్‌ని ఆండ్రాయిడ్ యాప్‌లోని వెబ్‌వ్యూలో (యాప్ లోపలే వెబ్ పేజీ చూపించే భాగం) తెరిస్తే, యాప్ సొంత బార్, వెబ్ బార్ కలిసి రెండవుతాయి. లింకు చివర "ఎంబెడ్ = 1" పెట్టి దాస్తే మొదటి పేజీలో దాగుతుంది, రెండో లింకు నొక్కగానే ఆ పారామీటర్ పోయి బార్ తిరిగొస్తుంది. వెబ్‌వ్యూ యూజర్ ఏజెంట్ (తానెవరో సర్వర్‌కి చెప్పే స్ట్రింగ్) చివర ఒక గుర్తు చేర్చడం లేదా కుకీ పెట్టడం నిలకడగా ఉంటుంది. సర్వర్ దాన్ని చూసి వేరే హెచ్‌టీఎంఎల్ ఇస్తుంటే, ముందున్న సీడీఎన్ (పేజీల కాపీలు దాచి అందించే సర్వర్లు) ఒకరి పేజీని ఇంకొకరికి ఇవ్వకుండా క్యాష్ నియమాల్లో ఆ తేడా చెప్పాలి.

12. పరీక్ష

ప్రతి పేజీకీ ఐదు రకాలుగా చేరి చూడాలి: అడ్రస్ నేరుగా కొట్టి, లింకు నొక్కి లోపలికి, లింకు నొక్కి బయటికి, బ్రౌజర్ బ్యాక్‌తో, రీఫ్రెష్‌తో. పే పేజీకి ఆరోది కూడా ఉంది: ఫోన్‌లో యూపీఐ యాప్‌కి వెళ్లి తిరిగి రావడం. మెమొరీ తక్కువున్న ఫోన్‌లో ఈలోపు బ్రౌజర్ ఆ ట్యాబ్‌ని వదిలేసి కొత్తగా లోడ్ చేస్తుంది.

ప్లేరైట్‌లో (బ్రౌజర్‌ని తనే నడిపి పరీక్షించే సాధనం) రాసేటప్పుడు నావిగేషన్ రోల్ ఉన్న ఎలిమెంట్లు సున్నా అని చూడండి. కనపడట్లేదా అని అడిగే టుబీహిడెన్ ఇక్కడ నమ్మదగ్గది కాదు. ఒపాసిటీ సున్నా ఉన్నదాన్ని ప్లేరైట్ కనపడుతున్నట్టే లెక్కేస్తుంది. పేజీ ఇంకా రాకముందే అడిగితే ఏమీ లేదు కాబట్టి "దాగింది" అని పాస్ చేసేస్తుంది. సున్నా లెక్కకి కూడా ఈ రెండో ప్రమాదం ఉంది, అందుకే ముందు పేజీ శీర్షిక వచ్చేదాకా ఆగి ఆ తర్వాతే లెక్కపెట్టాలి.

చివరగా ఒక చిన్న టెస్ట్ రాసి పెట్టుకోండి: రౌట్ల పట్టికని మొత్తం తిరిగి, ఏ ఆకు రౌట్ (పిల్లలు లేని రౌట్) అయినా మూడు లేఅవుట్లలో ఏదో ఒకదాని కింద లేకపోతే ఫెయిల్ కావాలి. స్టార్ రౌట్ ఒక్కదానికే మినహాయింపు. ఆరు నెలల తర్వాత ఎవరో "/లాండ్రీ" పేజీ చేర్చి లేఅవుట్ మరిచిపోతే, పీజీ కుర్రాళ్లు ఫోన్ చేసేలోపే ఆ బిల్డ్ ఎర్రగా ఆగుతుంది.